ఓటర్ల జాబితాలో అనంతయ్య పేరు

మా పక్కింటివాళ్ళు వరండాకు తాండూరు బండలు వేయిస్తున్నారు. పొద్దున్నుంచి కోత మిషను ఒకటే మోత. చెవులు చిల్లులు పడుతున్నాయని విసుక్కుంటూ కిటికీ వేయబోయాను. అంతలో గాలి ఇటు తిరిగి, నీళ్ళు పోస్తూ కోస్తున్న బండ వాసన లోపలికి కొట్టింది. తడిసిన రాతిపొడి వాసన. కాస్త సున్నం, కాస్త ఇనుము కలిసినట్టు ముక్కుకు చల్లగా తగులుతుంది. కిటికీ రెక్క పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. కోడలు వచ్చి "ఏమైంది అత్తయ్యా?" అంది. మహమూద్ సాబ్ గుర్తొచ్చారని చెబితే ఆ పిల్లకేం అర్థమవుతుంది? ఈ వికారాబాదులో ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరనే చెప్పాలి. ఎరగనివాళ్ళకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

తాండూరు తాలూకా ఆఫీసులో ఆయన గిర్దావర్. ఊళ్ళలో పట్వారీల పని చూసే రెవెన్యూ ఉద్యోగిని మా వైపు అట్లా పిలిచేవాళ్ళు. అప్పటికింకా మండలాలు రాలేదు. నేను వికారాబాదు పిల్లను. కొత్తగా టీచరు ఉద్యోగం వస్తే మొదట కొన్నాళ్ళు రైల్లో తాండూరు పోయి వచ్చి, తరువాత అక్కడే ఒక గది తీసుకున్నాను. ఓటర్ల జాబితా సవరణ వచ్చిందంటే ఇంటింటికీ తిరిగే పని టీచర్ల నెత్తిన పడేది. మా మీద పెద్ద మహమూద్ సాబ్. పొడుగాటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, నడి ఎండాకాలంలో కూడా గొంతు దాకా గుండీలు పెట్టుకున్న నల్లకోటు. కోపం ముక్కు మీదే ఉండేది. టీ ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆ రోజు ఆఫీసు జవానుకు మూడినట్టే. నిజం చెప్పాలంటే, మొదట్లో ఆయనంటే నాకు బొత్తిగా గిట్టేది కాదు. ఈ మనిషి దగ్గర పని చేయడం కన్నా బడిలో అల్లరి పిల్లల మధ్య ఉండటం నయమనుకునేదాన్ని.

ఆయనను నేను మొదటిసారి సరిగ్గా చూసింది ఒక మాస్టారిని కడిగేసిన రోజు. మా జట్టులోనే ఉన్న ఆ మాస్టారు తన వాడ పని అందరికన్నా ముందు ముగించి, కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మహమూద్ సాబ్ ఒక్కో కాగితం తిప్పారు. ఏ ఇంటి దగ్గరా మార్పు లేదు. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"గీ గల్లీల ఒక్క ముసలోడు సావలే. ఒక్క కోడలు రాలే. ఒక్క పోరనికి ఈడు నిండలే. గల్లీనా ఇది, గోడకు తగిలేసిన ఫోటోనా?"

"ఇంటింటికీ పోయిన సార్," అన్నాడు మాస్టారు.

"పోయినవా? మంచిది. ఎండలపడి తిరిగినవు గద, నీళ్ళు ఎవ్వలిచ్చిండ్రు? జర పేరు చెప్పు."

మాస్టారు కాగితాలు వెనక్కి లాక్కోబోయాడు. ఆ వాడ మొదట్లో ఉన్న హోటల్లో కూర్చొని, గల్లా దగ్గరున్న మనిషి చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చాడని మాకందరికీ అర్థమైంది. ఆ హోటలాయనకు ఎవరంటే గిట్టుతుందో, ఎవరంటే గిట్టదో దేవుడికి తెలియాలి. ఆ మధ్యాహ్నమే మహమూద్ సాబ్ మాస్టారిని వెంటబెట్టుకొని మళ్ళీ మొదటి ఇంటి నుంచి తిప్పారు. సాయంత్రానికి మాస్టారి మొహం ఎండకు కమిలి ఎర్రగా అయింది. కాగితాలు కూడా కొట్టివేతలతో, కొత్త పేర్లతో నిండిపోయి ఒక బతికున్న వాడలాగా కనిపించాయి.

ఆ మరునాడు నన్ను పిలిచారు. నాకూ తిట్లు తప్పవనుకున్నాను. ఆయన మాత్రం మామూలుగానే మాట్లాడారు. "టీచరమ్మా, గడప కాడికి పోయినంక ముందు వచ్చినోళ్ళను అడుగు. కోడలు వచ్చిందా, పిలగానికి ఇరవై ఒక్కేండ్లు నిండినయా అని. ఆ తర్వాత ఊరిడిసి పోయినోళ్ళను అడుగు. సచ్చిపోయినోళ్ళను ఆఖరుకు అడుగు. నిలబడి అడగకు, కూసొని అడుగు." అప్పట్లో ఓటుకు ఇరవై ఒక్కేళ్ళు నిండాలి. కూర్చొని అడగడంలో ఏముందో నాకు అప్పుడు తెలియలేదు. తిరగ్గా తిరగ్గా తెలిసింది. గడపలో నిలబడి "మీ మామ ఉన్నాడా, పోయాడా?" అంటే ఎవరైనా తలుపు మొహం మీద వేస్తారు. అరుగు మీద కూర్చొని రెండు గుక్కలు నీళ్ళు తాగి అడిగితే, ఏ రోజు జ్వరం వచ్చిందో, ఏ ఆసుపత్రికి తీసుకుపోయారో, చివరకు ఏం తినాలని అడిగాడో అంతా చెప్పి, ఆఖరున వాళ్ళే "పేరు తీసెయ్యుండ్రి" అంటారు.

ఆడవాళ్ళ దగ్గర మాత్రం నా తలప్రాణం తోకకొచ్చేది. భర్త పేరు చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళు. పక్కింటామెను పిలిచి "నువ్వు చెప్పు వదినా" అనేవాళ్ళు. వయసు అడిగితే "రజాకార్ల గడబిడ నాడు పాలు తాగే పిల్లను" అనేవాళ్ళు. నేను అక్కడి నుంచి లెక్క కట్టుకోవాలి. ఇక కర్ణాటక వైపు నుంచి వచ్చిన కొత్త కోడళ్ళది ఇంకో కథ. ఆ వైపు కొన్ని ఇళ్ళలో పెళ్ళినాడే అత్తవారు కోడలికి కొత్త పేరు పెడతారు. తాండూరులో ఒకసారి ఒక కొత్త పెళ్ళికూతురు అత్తవారు పెట్టిన పేరు చెప్పింది. నేను రాసుకుని లేవబోయాను. వెనకనే ఉన్న మహమూద్ సాబ్ "కూసో" అని నాకు సైగ చేసి, ఆ పిల్లతో "తల్లిగారింట్ల ఏమని పిలుస్తరు బిడ్డా?" అన్నారు. ఆ పిల్ల సిగ్గుపడి, అత్త వైపు చూసి, మెల్లగా పుట్టింటి పేరు చెప్పింది. ఎంతకాలమైందో ఆ పేరు పలికి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. ఆయన ఆ పేరు, ఆ ఊరు రాసుకొని, అక్కడి తాలూకా ఆఫీసుకు ఈమె ఇప్పుడు ఇక్కడ ఉంటోందని కబురు రాశారు.

"ఎందుకింత యాతన సార్?" అన్నాను తోవలో.

"మనిషి రెండు జాగలల్ల ఉండొద్దు. ఏడ లేకుండ గూడ ఉండొద్దు. గంతే మన పని," అన్నారు. అంతలో ఏదో ఇంటి అరుగు కింద నుంచి కుక్క గుర్రుమంది. అంత పెద్దమనిషి గబుక్కున నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. కుక్కలంటే ఆయనకు చచ్చేంత భయం. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ రోజు నుంచి ఆయన మీద నాకున్న కోపం కరిగిపోయింది.

ఇంత నిక్కచ్చి మనిషి ఒక్కచోట మాత్రం మెత్తబడ్డారు. దాని సంగతే నేను చెప్పవలసింది.

బండల గనుల వైపు చివరి వాడలో సాయమ్మ అనే ఆవిడ ఉండేది. పనికిరాని బండముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలు కట్టుకున్న చిన్న ఇల్లు. భర్త నర్సయ్య చాలా కాలం కిందటే పోయాడు. ఆమె పప్పు మిల్లులో కందులు చెరిగేది. ఒక్కగానొక్క కొడుకు అనంతయ్య. అతనికి ఈడు రాగానే జాబితాలో పేరు ఎక్కించింది మహమూద్ సాబే. ఆ తరువాత కొన్నాళ్ళకు అతను తోటివాళ్ళతో కలిసి కూలిపనికి బొంబాయి రైలెక్కాడు. మొదట్లో ఫలానా చోట కనిపించాడని ఎవరో ఒకరు కబురు తెచ్చేవాళ్ళట. తరువాత అదీ లేదు. వెంట పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. అనంతయ్య రాలేదు. ఏమైపోయాడంటే ఒకరు ఒక మాట, ఇంకొకరు ఇంకో మాట. చివరకు వాడంతా అతను పోయినట్టే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నేను ఆ ఇంటికి పోయేసరికి అతను కనపడక ఏళ్ళు గడిచాయి. అరుగు మీద కూర్చొని, వచ్చినవాళ్ళను అడిగి, ఆ తరువాత "అనంతయ్య?" అన్నాను. ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"నా కొడుకమ్మా. బొంబైల ఉన్నడు."

"ఎప్పుడొస్తడు?"

"వస్తడు."

పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి ఆ రోజు మహమూద్ సాబ్ కూడా నా వెంట ఉన్నారు. కొన్నాళ్ళ పనికి పోయి తిరిగి వచ్చే మనిషి పేరు ఉంచవచ్చు. ఇల్లు విడిచి ఏళ్ళు గడిచి, ఎక్కడున్నాడో జాడ తెలియని మనిషి పేరు విచారణ చేసి తీసేయాలి. ఇది మాకు ఆయనే నేర్పిన రూలు. నేను కాగితం మీద గుర్తు పెట్టబోయాను. సాయమ్మ చేట కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"పేరు తియ్యకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత. వాడకట్టు వాడకట్టంత సచ్చిపోయిండంటున్నరు. గా మీ కాయిదంల ఒక్కదాంట్లనే బతికున్నడు."

నేను మహమూద్ సాబ్ వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు, సాయమ్మనూ చూడలేదు. గోడలోని బండముక్కల వైపు చూస్తూ "ఉండనియ్యి టీచరమ్మా" అన్నారు. నా చెవులను నేనే నమ్మలేదు. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒకాయన బావమరిది పేరు రెండు చోట్ల ఉందని, ఎంతమంది చెప్పినా వినకుండా తీయించిన మనిషి ఈయన. తోవలో ఉండబట్టలేక అడిగాను. "ఇది రూలేనా సార్?"

"నాకు రూల్ నేర్పుతవా? ఒక్క పేరు! ఒక్క పేరుతోని ఏం మునుగుతది?" అని కసురుకున్నారు. అని, నన్ను వదిలి చరచరా ముందుకు నడిచిపోయారు. ఆ సందులో రెండు కుక్కలు పడుకొని ఉన్నాయి. వాటిని కూడా చూసుకోలేదు.

ఆ తరువాత ఎన్నికలొచ్చాయి. ఆ వాడవాళ్ళకు మా బడిలోనే పోలింగు. ఆడవాళ్ళ వేలికి సిరా పెట్టే పని నాది. మగవాళ్ళకు ఇంకొకాయన. జాబితా ముందు పెట్టుకొని పేరు చదివేది ఒక గుమాస్తా, గొంతు గంటలాంటిది. అప్పుడూ ఇప్పుడూ పద్ధతి అదే: ఓటరు చీటీ ఇవ్వగానే పేరు పైకి చదవాలి, అక్కడ కూర్చున్న పార్టీల ఏజెంట్లు విని, ఆ మనిషి ఆ మనిషేనా అని చూసుకోవాలి. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, అట్లా మార్చి మార్చి లోపలికి వదులుతున్నారు.

మధ్యాహ్నానికి ముందు సాయమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకొని, తలకు నూనె రాసుకొని, గుమ్మం దగ్గర వరుసలో నిలబడి నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే గుమాస్తా గొంతు మోగింది.

"అనంతయ్య! తండ్రి నర్సయ్య!"

"ఆఁ, నేనే," అన్నాడు ఒక మనిషి.

నేను పట్టుకున్న వేలును వదిలేసి తలెత్తాను. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి, ముఖం సగమే కనిపిస్తోంది. ఏజెంట్లు నోరు మెదపలేదు. ఒకడు టీ తాగడానికి బయటికి పోయాడు, ఇంకొకడు కావాలనే కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "సార్, ఆ మనిషి..." అని నేను లేచాను. మా పెద్ద అధికారి "ఏజెంట్లే కాదనలేదు, మధ్యలో మీకెందుకమ్మా, కూర్చోండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంకో మాట అనేలోపలే గుమ్మం దగ్గర నుంచి ఆ కేక వినిపించింది.

"అనంతా! అనంతా, నేను ఈడున్న, ఇటు చూడు కొడుకా!"

అంతమందిని తోసుకొని సాయమ్మ లోపలికి రాబోయింది. పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మనిషికి ఆ కేక వినిపించింది. వినిపించకుండా ఎట్లా ఉంటుంది? వెనక్కి తిరగలేదు. కాగితం పెట్టెలో వేసి, అవతలి తలుపు గుండా తలవంచుకొని పోయాడు. సాయమ్మ వరుస వదిలేసి, బడి చుట్టూ తిరిగి అటు పరిగెత్తింది. ఆ రోజు ఆమె ఓటు వేయలేదు.

పని ముగిశాక, సాయంత్రం, ఆమెను చూడకుండా ఉండలేక ఆ వాడకు పోయాను. వాకిలి ఊడ్చి, చల్లి, ముగ్గు పెట్టి ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. జొన్నపిండి పళ్ళెంలో కలిపి పెట్టుకుంది. స్టేషను దాకా, బస్టాండు దాకా పోయి వచ్చిందట. పాదాలకు దెబ్బలు తగిలి నెత్తురు ఎండిపోయింది.

"టీచరమ్మా, నువ్వు గూడ ఇన్నవు గద? పలికిండు! గుంపుల నన్ను చూసుకోలే. యాడికి పోతడు, ఇంటికే వస్తడు."

ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. దాన్ని నా నోటితో ఆర్పే ధైర్యం నాకు లేకపోయింది. నేరుగా తాలూకా ఆఫీసుకు పోయాను. మహమూద్ సాబ్ టీ తాగుతున్నారు. జరిగింది చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టారు. "యా అల్లా" అని, చేతులతో ముఖం తుడుచుకొని, "రేపు పొద్దుగాల నాతోని రా" అన్నారు.

పొద్దున పోయేసరికి సాయమ్మ గడపలోనే కూర్చొని ఉంది. లోపల రొట్టెల మీద గుడ్డ కప్పి పెట్టి ఉంది. మమ్మల్ని చూసి లేచింది, మా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. మహమూద్ సాబ్ ఆ నల్లకోటుతోనే నేల మీద కూర్చున్నారు. నీళ్ళు అడిగి తాగారు. తరువాత ఆమె ముఖంలోకి సూటిగా చూశారు.

"సాయమ్మా, నిన్న పలికినోడు నీ కొడుకు కాదు."

"నా చెవులతోని ఇన్న సారూ."

"పేరు నీ కొడుకుదే. మనిషి వేరే. నీ కొడుకు ఊర్ల లేడని ఎరికైనోళ్ళు ఎవణ్నో పంపి దొంగ ఓటు ఏపిచ్చిండ్రు. తప్పు నాది. నేను తియ్యాల్సిన పేరు అది. నువ్వు ఏడుస్తవని తియ్యలే."

సాయమ్మ ఆయననే చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. మెల్లగా అడిగింది.

"నా కొడుకు కోసమని ఉంచుమన్న సారూ. ఇంకోనికి ఇచ్చేటందుకా?"

ఎంతమందినో ప్రశ్నలతో నిలబెట్టిన మహమూద్ సాబ్ తలవంచుకొని కూర్చున్నారు. ఆమె లేచి లోపలికి పోయింది. రొట్టెలు, పప్పు రెండు పళ్ళాల్లో పెట్టి తెచ్చి మా ముందు ఉంచింది. "వండింది పారెయ్య. తినుండ్రి," అంది. కొడుకు కోసం చేసిన తిండి అది. నేను ఒక్కో ముద్ద నీళ్ళతో మింగాను. ఆయన మాత్రం తల ఎత్తకుండా, పళ్ళెంలో తునక మిగలకుండా తిన్నారు. తింటుంటే కన్నీళ్ళు గడ్డంలోకి జారిపోతున్నాయి. తుడుచుకోలేదు. మా ఇద్దరినీ చూస్తూ సాయమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది.

పళ్ళాలు తీస్తూ అంది, "తీసెయ్యుండ్రి సారూ. నా కొడుకు పేరు మల్ల ఇంకోని నోట్ల పడొద్దు."

"తీసేస్త. వాడు వచ్చిననాడు నా చేత్తోనే మల్ల రాస్త. అందాక ఏడాదికోపారి నేనే వచ్చి నిన్ను అడుగుత," అన్నారాయన.

ఆఫీసుకు పోయి జరిగింది జరిగినట్టు పైకి రాశారు, తన తప్పుతో సహా. ఆ ముక్క తీసేయమని తోటి ఉద్యోగులు బతిమాలారు. "నా పేరు లేకుంటే అది సగం మాటే అయితది" అని ఊరుకున్నారు. దొంగ ఓటు వేసినవాణ్ణి ఎవరూ పట్టుకోలేదు. మహమూద్ సాబ్‌కు మాత్రం ఒక మెమో వచ్చింది, ఆ వెనకే కుల్కచర్ల వైపు బదిలీ వచ్చింది. అన్యాయమని నేను చిందులు తొక్కాను. ఆయన తొక్కలేదు. పద్ధతి ప్రకారం నోటీసు, విచారణ అయ్యాక అనంతయ్య పేరు జాబితాలో లేకుండా పోయింది.

మాట మాత్రం తప్పలేదు. ఏటా జాబితా సవరణ మొదలయ్యే రోజుల్లో ఎక్కడున్నా ఒక పొద్దున బస్సు పట్టుకొని తాండూరు వచ్చేవారు. బడి దగ్గర నన్ను పిలుచుకొని ఆ వాడకు పోయేవారు. అరుగు మీద కూర్చొని నీళ్ళు తాగి అడిగేవారు.

"వచ్చిండా సాయమ్మా?"

"ఇంక రాలే సారూ."

అంతే. కాసేపు మిల్లు సంగతులు, ఎండల సంగతులు మాట్లాడుకొని లేచి వచ్చేవాళ్ళం. మొదటి ఏడు నాకు భరించడం కష్టమైంది. పుండును ప్రతి ఏడూ కెలకడం ఎందుకని ఒకసారి సాయమ్మతోనే అన్నాను, ఆయన వినకుండా. ఆమె నా మీద కోపం చేసింది. "నీకు తెల్వది బిడ్డా. వాడకట్టుల ఎవ్వలు అడుగుతలేరు. అడిగితె ఏడుస్తనని నా ముందట వాని పేరే ఎత్తరు. గీ సారు ఒక్కడే అడుగుతడు," అంది. ఆ రోజు కోసం ఆమె మిల్లుకు సెలవు పెట్టుకునేదని అప్పుడు తెలిసింది.

ఒకసారి ఇద్దరం కలిసి వికారాబాదు రైల్లో వస్తున్నాం. ధారూర్ స్టేషన్లో రైలు ఆగిపోయింది, ఎంతకూ కదలదు. నేను అడిగాను, అప్పుడు ఆ పేరు ఎందుకు ఉంచారని. ఇన్నేళ్ళ తరువాత కసురుకోరనే ధీమా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "ఆమె ఏడుపు నేను చూడలేను బిడ్డా, అందుకు ఉంచిన. ఆమె మీద రహం అనుకున్న. కాదు, అది నా మీద నాకే రహం. ఆమెకు కావాల్సింది అడిగేటోడు. గా సంగతి నాకు ఎవ్వలు చెప్పాలె?" రైలు కదిలింది. రహం అంటే ఆయన మాటలో జాలి. పిల్లలకు మార్కులు వేసేటప్పుడు, బంధువుల చావులకు పరామర్శకు పోయేటప్పుడు, నాకు ఎన్నిసార్లో ఆ మాట గుర్తొచ్చింది. ఎవరి మీద జాలితో ఈ అబద్ధం చెబుతున్నానని నన్ను నేను ఆపుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

ఉద్యోగం ముగిసి ఆయన వికారాబాదులో ఉండిపోయారు. మోకాళ్ళు పట్టేశాయి. "ఈపారి నువ్వు పోయి అడుగు" అని కబురు పెట్టారు. పోయి అడిగాను. తిరిగొచ్చి, ఇంకా రాలేదట సార్ అని చెబితే, తల ఊపి, నాకు టీ తెప్పించారు. ఆ చలికాలమే ఆయన పోయారు. ఆ సంగతి సాయమ్మకు చెప్పడానికి పోయి, నేనే ఎక్కువ ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి, "ఇగ నువ్వు వస్తవు గద?" అని మాత్రం అడిగింది.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో, జాబితా కాగితాలు పట్టుకొని నేను మళ్ళీ ఆ గడప ముందుకు పోయాను. తలుపు దగ్గర కొత్త మొహాలు. గనుల్లో పనికి కర్ణాటక వైపు నుంచి వచ్చిన కుటుంబం. పక్కింటి బాలమణి బయటికి వచ్చింది. సాయమ్మ వానాకాలంలో జ్వరం వచ్చి పోయిందని చెప్పింది. నేను బాలమణి అరుగు మీద కూలబడ్డాను. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుంది.

"నీకు ఒక మాట చెప్పుమన్నదమ్మా. మాట పడిపోయే ముందర నా చెయ్యి పట్టుకొని చెప్పింది. లిస్టు రాసే టీచరమ్మ వస్తది, అడుగుతది. ఇంక రాలే అని చెప్పుండ్రి. నేను లేనని అడుగుడు మానొద్దని చెప్పుండ్రి."

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. బాలమణి నన్ను ఏడవనిచ్చింది. తరువాత కళ్ళు తుడుచుకొని, ఏ నెలలో పోయిందో, ఎక్కడ పూడ్చారో, ఆఖరున ఏం తిన్నదో అన్నీ అడిగి, సాయమ్మ పేరు ఎదుట పోయినట్టు రాశాను. జాబితా ప్రకారం ఆ ఇంటితో నా పని అక్కడితో అయిపోయింది. అయినా అప్పటి నుంచి ఏటా ఆ కొత్తవాళ్ళ అరుగు మీద కూర్చొని, వాళ్ళ వివరాలన్నీ రాసుకున్నాక, అనంతయ్య అనే మనిషి ఎవరైనా వచ్చాడా అని అడిగేదాన్ని. మొదట్లో వాళ్ళు నన్ను వింతగా చూశారు. బాలమణి ఏం చెప్పిందో ఏమో, ఆ తరువాత చూడలేదు.

తాండూరు నుంచి నాకు బదిలీ అయిన ఏడు చివరిసారి పోయాను. ఆ ఇంట్లో కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఒక్కతే ఉంది. కన్నడం కలిసిన తెలుగు. నన్ను ఎప్పుడూ చూడలేదు. నా చేతిలో కాగితాలు చూసి, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేనింకా కూర్చోలేదు, పేరైనా అడగలేదు.

"ఇంక రాలే టీచరమ్మా," అంది ఆ పిల్ల. "వస్తే కూసోబెట్టి రొట్టె పెట్టాలంట, మా అత్త చెప్పింది. పెడతం."

రాసుకోవడానికి ఆ కాగితాల్లో ఆ మాటకు చోటు లేదు. ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంచుకున్నాను.